నడుములో మత్తు, వీపు మీద గొట్టం: నా మోకాళ్ల ఆపరేషన్ అనుభవం

మోకాళ్లు మార్పించుకున్నానని తెలిసిన దగ్గర్నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఏ సర్జన్ చేశారు, ఏ కంపెనీ మోకాళ్లు వేశారు, ఎంతయింది, ఇన్సూరెన్స్ ఎంత వచ్చింది అని అడుగుతున్నారు. మత్తు ఎవరిచ్చారు, ఎలా ఇచ్చారు అని అడిగినవాళ్లు దాదాపు లేరు. నా మటుకు నన్ను ఈ ఆపరేషన్‌లో అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది మత్తే. చివరికి నన్ను ఎక్కువ ఆదుకున్నదీ అదే. అందుకే దాని గురించే వివరంగా రాస్తున్నాను.

నాకు అరవై నాలుగేళ్లు. ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ హైస్కూలు టీచరుగా చేసి రిటైరయ్యాను. బీపీ ఉంది. చలికాలం వస్తే ఆయాసం, దానికి ఇన్‌హేలర్ వాడతాను. రెండు మోకాళ్లూ అరిగి, ఎముకకి ఎముక రాసుకుంటోందని ఎక్స్‌రే వెలుతురులో పెట్టి చూపించారు సర్జన్‌గారు. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటుంది కాబట్టి అక్కడే చేయించుకుందామనుకున్నాం. గుండె పరీక్షలు, ఊపిరితిత్తుల పరీక్ష బాగానే వచ్చాయి. రెండూ ఒకేసారి చేసేద్దాం అన్నారు. సరే అన్నాను. కానీ "నడుముకి మత్తు ఇస్తారు" అనగానే నాకు గుండెల్లో రాయి పడింది.

కారణం ఉంది. 1990లో మా చిన్నమ్మాయి పుట్టినప్పుడు సిజేరియన్ చేశారు. అప్పుడూ వెన్నులో సూదే. ఆపరేషన్ బాగానే అయింది. కానీ ఆ తర్వాత మంచం మీద లేచి కూర్చుంటే చాలు, తల వెనక నుంచి నుదుటి దాకా పగిలిపోయేంత నొప్పి. పడుకుంటే పోయేది, లేస్తే మళ్లీ మొదలు. బిడ్డని ఒళ్లో పెట్టుకుని పాలివ్వలేకపోయాను, పక్కన పడుకోబెట్టుకునే ఇచ్చాను. బాలింతకి గాలి సోకిందని మా అత్తగారు చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ కట్టారు. దేనివల్ల వచ్చిందో అప్పుడు మాకెవరూ చెప్పలేదు. తర్వాత దానంతటదే తగ్గింది కానీ ఆ భయం మాత్రం నాలో ఉండిపోయింది.

ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు చూస్తారని పంపించారు. భీమవరం వైపు ఆవిడ, మాటలో గోదావరి యాస తెలుస్తోంది. నోరు పెద్దగా తెరవమన్నారు, మెడ వెనక్కి వంచమన్నారు, కట్టుడు పళ్లున్నాయా అని చూశారు. తర్వాత నన్ను అటు తిప్పి కూర్చోబెట్టి, నడుము ఎముకల మీద బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చారు. తుంటి ఎముకల పై అంచులు రెండూ చేత్తో పట్టుకుని, ఆ రెండింటినీ కలిపే గీత ఎక్కడ వస్తుందో చూశారు. ఆ గీత దాదాపు నాలుగో నడుము ఎముక దగ్గరికి వస్తుందట, సూది ఎక్కడ వెయ్యాలో దాన్ని బట్టే లెక్క. "ఇంతకు ముందు ఎప్పుడైనా మత్తు తీసుకున్నారా అమ్మా? అప్పుడేమైనా ఇబ్బంది పడ్డారా?" అని అడిగారు. పాత కథంతా చెప్పేశాను.

ఆవిడ పెన్ను పక్కన పెట్టి పూర్తిగా విన్నారు. గాలి సోకడం వల్ల వచ్చింది కాదమ్మా అన్నారు. వెన్నుపాము చుట్టూ ఒక పొర ఉంటుంది, దానిలో నీరు ఉంటుంది. స్పైనల్ మత్తు ఇవ్వాలంటే సూది ఆ పొర దాటి నీటిలోకి వెళ్లాలి. సూది తీశాక ఆ చిల్లు మూసుకునే దాకా నీరు కొంచెం కొంచెంగా బయటికి కారుతుంది. మనిషి నిటారుగా ఉన్నప్పుడు మెదడు కిందికి లాగినట్టయి తలనొప్పి వస్తుంది. అప్పట్లో వాడిన సూదులు లావు, మొన కోసుకుంటూ వెళ్లే రకం. ఇప్పుడు తను వాడేది 27 గేజ్ అట. గేజ్ నంబరు పెరిగేకొద్దీ సూది సన్నమవుతుంది. పైగా దీని మొన పెన్సిల్ మొన ఆకారంలో ఉంటుంది, పొర పోగుల్ని కొయ్యకుండా పక్కకి జరుపుకుంటూ పోతుంది. అందుకే ఇప్పుడు ఆ తలనొప్పి చాలా అరుదు. అసలు రానే రాదని మాత్రం ఆవిడ చెప్పలేదు. వస్తే ఏం చేస్తారో కూడా చెప్పారు: పడుకోవడం, నీళ్లు, మాత్రలు, కాఫీ. అప్పటికీ తగ్గకపోతే మన చేతి నుంచే తీసిన రక్తం కొంచెం నడుములో ఆ పొర బయట ఎక్కిస్తే చిల్లు మూసుకుంటుందట.

నేను ఒక్కదాన్నే ఇలా పడలేదని కూడా ఆవిడే చెప్పారు. 1898లో జర్మనీలోని కీల్ నగరంలో ఆగస్ట్ బియర్ అనే సర్జన్ వెన్నులో మత్తు మొదలుపెట్టిన కొత్తలో, అదెలా ఉంటుందో తెలుసుకోవాలని తన అసిస్టెంట్ హిల్డెబ్రాంట్ చేత తనకే సూది వేయించుకున్నాడు. సిరంజి సూదికి సరిగ్గా అమరలేదు, వెన్ను నీరు చాలా కారిపోయింది. అప్పుడు ఇద్దరూ స్థానాలు మార్చుకుని, హిల్డెబ్రాంట్‌కి మొద్దుబార్చే కొకెయిన్ మందు ఎక్కించి, మోకాలి కింద ఎముక మీద సుత్తితో కొట్టి చూశారు. అతనికి తెలియనే లేదు. కానీ తర్వాత ఇద్దరికీ తలనొప్పులు. లేస్తే నొప్పి, పడుకుంటే తగ్గుతుంది అని బియర్ రాసిపెట్టాడట. నాకు వచ్చింది అచ్చం అదే. ఎప్పటి నుంచో డాక్టర్లకు తెలిసిన ఆ సంగతి నాకు ఇన్నేళ్లకు తెలిసినందుకు, నిజం చెప్పాలంటే, మనసు తేలికపడింది.

తర్వాత అసలు సంగతి చెప్పారు. నాకు ఇచ్చేది ఒక్క స్పైనల్ కాదు, స్పైనల్, ఎపిడ్యూరల్ రెండూ కలిపి. ఎందుకూ అంటే లెక్క సులువుగానే ఉంది. స్పైనల్ మందు నీటిలో పడుతుంది కాబట్టి అయిదు నిమిషాల్లో కాళ్లు మొద్దుబారిపోతాయి, పని గట్టిగా చేస్తుంది. కానీ ఒకసారి వేశాక సూది తీసేస్తారు, రెండు మూడు గంటల్లో దాని బలం తగ్గుతుంది. రెండు మోకాళ్లకి మొత్తం అంతకన్నా ఎక్కువ సేపు పడుతుంది. ఎపిడ్యూరల్‌లో మందు ఆ పొర బయటే ఉంటుంది, పనిచెయ్యడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. కానీ అక్కడ సన్నటి గొట్టం వదిలేస్తారు. మత్తు తగ్గుతున్నప్పుడల్లా ఆ గొట్టంలోంచి మళ్లీ ఇవ్వచ్చు. ఆపరేషన్ అయ్యాక కూడా నొప్పికి దానిలోంచే మందు పంపించవచ్చు. వేగం ఒకదాని నుంచి, గంటల కొద్దీ సాగే ఓపిక ఇంకోదాని నుంచి తీసుకుంటారన్నమాట. ఇంటికొచ్చాక నేనూ చదివాను. 1937లోనే న్యూయార్క్‌లో సొరేసి అనే డాక్టరు ఒకే సూదితో ముందు పొర బయట, తర్వాత లోపల మందు వేసి రెండింటినీ కలిపాడట. గొట్టం పెట్టే సూది లోంచే స్పైనల్ సూది దూర్చే పద్ధతి తుంటి, కాళ్ల ఆపరేషన్ల కోసం 1982లో వచ్చింది. నాకు చేసింది ఈ రెండోదే.

పూర్తి మత్తు ఇచ్చి నిద్రపుచ్చేయచ్చు కదా అని మా అమ్మాయి అడిగింది. దానికీ ఓపిగ్గా జవాబు చెప్పారు. పూర్తి మత్తు కూడా మంచిదే, అవసరమైతే దానికి సిద్ధంగానే ఉంటాం అన్నారు. కానీ నాకు ఆయాసం ఉంది. శ్వాసనాళంలో గొట్టం వేసినప్పుడు, తీసినప్పుడు గాలిగొట్టాలు బిగుసుకునే ప్రమాదం ఉంటుంది. నడుముకి మత్తు ఇస్తే నా ఊపిరి నేనే తీసుకుంటాను. బీపీ పడిపోవడం, వణుకు, దురద, మూత్రం ఆగిపోవడం, తలనొప్పి, ఒక్కోసారి మత్తు ఒకవైపే పట్టడం, చాలా అరుదుగా ఇన్ఫెక్షన్, నరానికి దెబ్బ, వెన్నులో రక్తం గడ్డకట్టడం - ఏవేవి జరగవచ్చో ఒక్కటీ దాచకుండా చెప్పి, ఆ తర్వాతే సంతకం పెట్టించుకున్నారు. వింటుంటే భయమేసింది కానీ, దాచకుండా చెప్పిన మనిషి మీద నాకు గురి కుదిరింది.

వెన్నుపాముకే సూది తగిలితే కాళ్లు పడిపోవా అని నేను అడిగాను. మా ఊళ్లో అందరికీ ఉన్న భయమే అది. పెద్దవాళ్లలో వెన్నుపాము మొదటి, రెండో నడుము ఎముకల దగ్గరే అయిపోతుందట. సూది వేసేది దానికింకా కింద, మూడో ఎముకకీ నాలుగో ఎముకకీ మధ్యో, నాలుగోదానికీ అయిదోదానికీ మధ్యో. అక్కడ నీటిలో విడివిడిగా నరాలు వేలాడుతుంటాయి, సూది మొన వస్తే అవి పక్కకి జరుగుతాయి. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది మోకాళ్ల ఆపరేషన్ వాయిదా వేసుకుంటూ మంచానికి అతుక్కుపోతున్నారో నాకు తెలుసు. అందుకే విడిగా రాస్తున్నాను.

బయట బెంచీ మీద నల్గొండ నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఆయనకి గుండెలో స్టెంటు ఉంది. ఏ మాత్రలు వాడుతున్నారని అడిగితే బీపీకి, షుగరుకి అని చెప్పారట. ఆయన కొడుకు సంచిలోంచి మాత్రల అట్టలన్నీ తీసి బల్ల మీద పరిస్తే అందులో క్లోపిడోగ్రెల్ బయటపడింది. రక్తం గడ్డకట్టకుండా చేసే మందు అది. అది వాడుతుండగా వెన్నులో సూది వేస్తే లోపల రక్తం కారి నరాల మీద ఒత్తిడి పెట్టచ్చు. కాబట్టి దాన్ని అయిదు నుంచి ఏడు రోజుల ముందే ఆపాలి, అదీ గుండె డాక్టరు ఒప్పుకుంటేనే. ఆయన ఆపరేషన్ వాయిదా పడింది. తిట్టుకుంటూ వెళ్లారు కానీ, ఆ అట్ట సంచిలోనే ఉండిపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే భయమేస్తుంది. మాత్రల పేర్లు నోటితో చెప్పడం కాదు, అట్టలతో సహా పట్టుకెళ్లాలి. ఇంట్లో వేసుకునే ఆయుర్వేదం పొడులు కూడా.

నాకు ఆపరేషన్ రోజు పొద్దున బీపీ మాత్ర వేసుకోవద్దన్నారు, ఎందుకంటే నాది మత్తుతో కలిస్తే బీపీని మరీ దించే రకం. ఇన్‌హేలర్ మాత్రం తప్పకుండా పీల్చుకోమన్నారు. రాత్రి తేలికగా ఇడ్లీ తిన్నాను. ఆ తర్వాత ఘన పదార్థం ఏదీ లేదు, మంచినీళ్లు మాత్రం ఆపరేషన్‌కి రెండు గంటల ముందు వరకు తాగచ్చన్నారు. పాలు, కాఫీ వద్దు.

ఓటీలో, అంటే ఆపరేషన్ గదిలో, చలి. ముంజేతికి సెలైన్ పెట్టారు, ఛాతీకి వైర్లు, వేలికి క్లిప్పు, రెండో చేతికి బీపీ పట్టీ. బల్ల మీద అడ్డంగా కూర్చోబెట్టి, కాళ్లు స్టూలు మీద పెట్టి, ఒళ్లో దిండు ఇచ్చారు. ఓటీ కుర్రాడు ఒకతను నా ఎదురుగా నిలబడి భుజాలు పట్టుకున్నాడు. "రొయ్యలా వంగాలమ్మా, గడ్డం ఛాతీకి ఆనించి, నడుము నా వైపు బయటికి తొయ్యాలి" అన్నారు మేడమ్. భీమవరం ఆవిడ కదా, ఆ మాట వినగానే ఎలా వంగాలో నాకు అర్థమైంది. అలా వంగితేనే ఎముకల మధ్య సందు తెరుచుకుంటుంది. నా వయసులో ఆ సందులు ఇరుకు. ఎంత బాగా వంగితే వాళ్ల పని అంత సులువు.

వీపంతా చల్లగా మందుతో తుడిచారు, మూడుసార్లు. మధ్యలో రంధ్రం ఉన్న గుడ్డ అతికించారు. "ఇప్పుడు చిన్న సూది, కొంచెం మంట" అన్నారు. నిజంగా బాధ అంటే ఆ మంట ఒక్కటే, కాసేపే. ఆ తర్వాత లోపలికి వెళ్లే పెద్ద సూదికి నొప్పి లేదు, ఒత్తిడి ఉంది. ఎవరో వేలితో ఎముకని నెడుతున్నట్టుంది. ఆవిడ ఏం చేస్తున్నారో నాకు చెబుతూనే ఉన్నారు. ఆ పెద్ద సూది పేరు టుయోహి సూది, మొన కాస్త వంపు తిరిగి ఉంటుంది. దాని వెనక సెలైన్ ఉన్న సిరంజి తగిలించి, మెల్లగా నొక్కుతూ ముందుకి పోతారు. గట్టి పొరలో ఉన్నంతసేపు సిరంజి పిస్టన్ కదలదు. ఎపిడ్యూరల్ సందులోకి రాగానే అడ్డు తొలగి, సెలైన్ సులువుగా లోపలికి పోతుంది. ఆ క్షణం వేళ్లకే తెలియాలి. ఒకచోట ఎముక తగిలింది. సూది కొంచెం వెనక్కి లాగి, కోణం మార్చి మళ్లీ ప్రయత్నించారు. నేను ఊపిరి బిగబట్టాను. భుజాలు పట్టుకున్న కుర్రాడు "ఊపిరి తీసుకోండమ్మా, ఏం కాదు" అన్నాడు. ఆ అబ్బాయి చేతులు ఎంత ధైర్యమిచ్చాయో చెప్పలేను.

"దొరికింది, చర్మం నుంచి అయిదు సెంటీమీటర్లు" అన్నారు మేడమ్. ఇప్పుడు ఆ సూది లోంచే వెంట్రుకంత స్పైనల్ సూది. లోపల ఎక్కడో టక్ మని చిన్నగా తెలిసింది, అంతే. "కాల్లోకి కరెంటు పాకిందా?" అని అడిగారు. లేదన్నాను. పాకితే వెంటనే చెప్పాలి, అప్పుడు మందు వెయ్యరు. సూది వెనక నీటి చుక్క తేటగా వచ్చిందని చూసుకుని మందు వేశారు. డిశ్చార్జ్ కాగితంలో రాసి ఉంది: 0.5 శాతం హెవీ బుపివకెయిన్ అనే మొద్దుబార్చే మందు, 3 మిల్లీలీటర్లు, దానితో కొంచెం ఫెంటానిల్ అనే గట్టి నొప్పి మందు. హెవీ అంటే అందులో చక్కెర కలిపి వెన్ను నీటి కంటే బరువుగా చేస్తారు, మనిషిని ఎటు వంచితే మందు అటు దిగుతుంది. అందువల్ల ఇక ఆలస్యం కూడదు. ఎక్కువసేపు కూర్చోబెడితే మందంతా కిందికి చేరిపోతుంది. స్పైనల్ సూది తీసి, వెంటనే గొట్టం దూర్చి, పెద్ద సూది కూడా తీసేశారు. గొట్టం మీద సెంటీమీటర్ల గీతలుంటాయి. చర్మం దగ్గర తొమ్మిది గీత ఉంచారు, అంటే లోపల సందులో నాలుగు సెంటీమీటర్లు. వీపు మీదుగా భుజం దాకా ప్లాస్టర్‌తో అతికించి, చివర చిన్న ఫిల్టరు తగిలించారు. అప్పటికే పిరుదుల నుంచి పాదాల దాకా వెచ్చదనం దిగుతోంది.

పడుకోబెట్టారు. కాళ్లు బరువెక్కి, కాసేపటికి బొటనవేలు కదపమంటే కదల్లేదు. తొడ మీద చెయ్యి వేస్తే చేతికి తెలుస్తోంది, తొడకి తెలియడం లేదు. స్పిరిట్ దూది పాదం నుంచి పైకి అద్దుకుంటూ వచ్చి "ఎక్కడ చల్లగా తెలిస్తే అక్కడ చెప్పండి" అన్నారు. బొడ్డుకి కొంచెం పైన తెలిసింది. అంతలో నాకు ఒక్కసారిగా వికారం, కళ్లు బైర్లు కమ్మినట్టయింది. బీపీ పడిపోయింది. మేడమ్ మానిటర్ చూస్తూనే ఉన్నారు, చేతికి ఇంజెక్షన్ ఇచ్చి సెలైన్ వేగం పెంచారు, నిమిషంలో తేరుకున్నాను. మత్తు ఇచ్చాక ఈ డాక్టరు పని అయిపోయిందనుకుంటాం. ఆవిడ ఆపరేషన్ అయ్యేదాకా నా తల దగ్గరి నుంచి కదలలేదు.

ముందు కుడి మోకాలు. ఛాతీ దగ్గర తెర కట్టారు, నాకేమీ కనపడదు. కొద్దిగా నిద్రమత్తుకి మందు ఇచ్చారు. అయినా మధ్యమధ్యలో రంపం శబ్దం, సుత్తి దెబ్బలు వినిపించాయి. దెబ్బకి ఒళ్లంతా కదులుతుంది, నొప్పి ఉండదు. విననక్కర్లేదనుకునేవాళ్లు ముందే అడిగితే ఇంకొంచెం నిద్రపుచ్చుతారు, చెవులకి పాటలు పెడతారు. నాకు మెలకువగా ఉండటమే ఇష్టమనిపించింది.

ఎడమ మోకాలు సగంలో ఉన్నప్పుడు అనుకుంటాను, తొడ దగ్గర లాగుతున్నట్టు మొదలైంది. నొప్పి అనలేను, కానీ అప్పటిదాకా లేనిది ఏదో వస్తోంది. రక్తం ఆపడానికి తొడకి బిగించే పట్టీ దగ్గర బిగుతు తెలుస్తోంది. "మేడమ్, ఏదో తెలుస్తోందండీ" అన్నాను. ఆవిడ దాని కోసమే చూస్తున్నట్టున్నారు. నా భుజం దగ్గరి ఫిల్టరుకి సిరంజి తగిలించి, ముందు కొంచెమే మందు వేసి ఆగారు. "గుండె దడదడలాడుతోందా? చెవుల్లో గుయ్ మంటోందా? నాలుక మీద ఇనుము రుచి వస్తోందా?" అని అడిగారు. గొట్టం పొరపాటున రక్తనాళంలోకి పోయుంటే ఆ గుర్తులు వస్తాయట. ఏమీ లేదన్నాక మిగతాది కొంచెం కొంచెంగా ఇచ్చారు. కాసేపటికి ఆ లాగడం పోయింది. ఒక్క స్పైనల్ మాత్రమే ఇచ్చి ఉంటే ఆ సమయంలో నాకు పూర్తి మత్తు ఇవ్వాల్సి వచ్చేది. రెండూ కలిపి ఇవ్వడం ఎందుకో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

రికవరీలో పళ్లు టకటకలాడేంత వణుకు. వేడిగాలి దుప్పటి కప్పి, చిన్న ఇంజెక్షన్ ఇస్తే తగ్గింది. తర్వాత ముక్కు, మొహం ఒకటే దురద. ఎలర్జీ ఏమో అని మా అమ్మాయికి టెన్షన్. ఫెంటానిల్ లాంటి మందులకి ఇది మామూలేనని, దద్దుర్లు, ఆయాసం ఉంటేనే వేరే ఆలోచించాలని నర్సమ్మ చెప్పింది. మూత్రానికి గొట్టం ముందే వేశారు కాబట్టి ఆ ఇబ్బంది లేదు. వీపు గొట్టానికి పంపు తగిలించారు. గంటకింత అని రోపివకెయిన్ అనే మొద్దుబార్చే మందు పలచగా వెళ్తూ ఉంటుంది.

ఆ రాత్రి కుడి మోకాలు హాయిగా ఉంది, ఎడమది మాత్రం భరించలేనంత నొప్పి. అర్ధరాత్రి దాటాక ఇక ఆగలేకపోయాను. డ్యూటీ నర్సు మత్తు డాక్టరుకి ఫోన్ చేస్తే, వేరే డాక్టరుగారు వచ్చారు, చిన్నవాడు. పంపు పెంచేసి వెళ్లిపోతాడనుకున్నాను. అలా చెయ్యలేదు. ఐసు ముక్క తెచ్చి రెండు తొడల మీద పెట్టి చూశాడు. కుడివైపు చల్లదనం తెలియలేదు, ఎడమవైపు తెలిసింది. గొట్టం మొన ఒక పక్కకి వెళ్లి ఉంటుంది, మందంతా కుడివైపే పోతోంది అన్నాడు. నన్ను పక్కకి వాల్చి, ప్లాస్టర్ విప్పి, గొట్టాన్ని ఒక్క సెంటీమీటరు బయటికి లాగి మళ్లీ అతికించాడు. ఎడమవైపుకి ఒరిగించి ఉంచి కొంచెం మందు ఇచ్చాడు. పావుగంట దాటేసరికి ఎడమ మోకాలి నొప్పి కరగడం మొదలైంది. తెల్లవారేదాకా నిద్రపోయాను. ఎవరికైనా ఒకవైపే నొప్పి ఉంటే ఓర్చుకుంటూ కూర్చోవద్దు. ఫలానా వైపే నొప్పి అని స్పష్టంగా చెప్పండి. ఆ మాటే వాళ్లకి దారి చూపిస్తుంది.

నర్సులు కొన్ని గంటలకోసారి వచ్చి "వేళ్లు ఆడించండమ్మా, మోకాలు కొంచెం ఎత్తండి" అంటారు. నిద్ర చెడగొడుతున్నారని పక్క మంచం ఆవిడ విసుక్కుంది. మేడమ్‌ని అడిగితే కారణం చెప్పారు. పంపులో మందు పలచన, దానికి కాళ్లలో కదలిక పోకూడదు. బాగా కదులుతున్న కాలు ఉన్నట్టుండి బలహీనమైతే, నడుములో తీవ్రమైన నొప్పి వస్తే, వెన్నులో రక్తం చేరుతోందేమోనని గంటల్లో స్కానింగ్ చేసి తేల్చుకోవాలి. ఆలస్యమైతే కాళ్లకే ముప్పు. అందుకే నిద్ర లేపి మరీ అడుగుతారు.

మర్నాడే ఫిజియోథెరపీ అబ్బాయి వాకర్‌తో వచ్చాడు. ముందు మంచం అంచున కూర్చోబెట్టి, తల తిరగడం లేదని, కాళ్లలో పట్టు ఉందని చూసుకుని, ఇద్దరు పట్టుకుని లేపారు. సొంతంగా దిగితే పడిపోతారు జాగ్రత్త అని ముందే హెచ్చరించారు. మోకాలు వంచడం మొదలుపెట్టాం. ఈ గొట్టం విలువ ఇక్కడ తెలిసింది. నొప్పి ఉంటే మనిషి మోకాలు వంచడు, మొదట్లో వంచకపోతే తర్వాత బిగుసుకుపోతుంది. మా ఆడపడుచుకి జరిగింది అదే, ఆవిడ కాలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. నేను కళ్లనీళ్లు రాకుండా వంచగలిగాను.

గొట్టం తీసే రోజు నర్సమ్మ చార్టు తీసుకొచ్చి టైములు రెండుసార్లు చూసింది. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద రోజుకోసారి ఎనాక్సాపరిన్ ఇంజెక్షన్ ఇస్తున్నారు. అది ఇచ్చాక కనీసం పన్నెండు గంటలు ఆగి గొట్టం తియ్యాలి, తీశాక కనీసం నాలుగు గంటలు ఆగి మళ్లీ ఇంజెక్షన్ ఇవ్వాలి. సూది వేసేటప్పుడు ఎంత జాగ్రత్తో తీసేటప్పుడూ అంతే. మేడమే వచ్చారు. నన్ను మళ్లీ వంగమని, మెల్లగా లాగారు, నాకు తెలియనే లేదు. తీసిన గొట్టం మొన నీలంగా, చెక్కుచెదరకుండా ఉందని నాకు చూపించి, ముక్క లోపల ఉండిపోలేదని చార్టులో రాశారు. చిన్న ప్లాస్టర్ వేశారు. ఆ సాయంత్రం నుంచి మాత్రలే. నొప్పి తెలిసింది, కానీ అప్పటికి నడక మొదలైపోయింది.

తలనొప్పి కోసం మాత్రం నేను లోపల్లోపల ఎదురుచూస్తూనే ఉన్నాను. లేచి కూర్చున్న ప్రతిసారీ మెడ పట్టుకుని ఒక్క క్షణం ఆగేదాన్ని. రాలేదు. ఇంటికొచ్చాక కూడా ఆవిడ ఫోన్ చేసి మరీ అడిగారు: తలనొప్పి ఉందా, జ్వరం ఉందా, సూది చోట చీము, ఎరుపు ఉన్నాయా, మూత్రం సరిగ్గా వస్తోందా అని. అన్నిటికీ లేదు, బాగుంది అనే చెప్పాను. ఏ మత్తు ఇచ్చారు, ఏ సందులో ఇచ్చారు, ఎన్ని సెంటీమీటర్లు, నా పాత తలనొప్పి - ఇవన్నీ రాసిన కాగితం ఒకటి ఫైల్లో పెట్టించారు. మళ్లీ ఎప్పుడైనా ఆపరేషన్ అయితే ముందు అదే చూపించమన్నారు.

ఇక అందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది: వెన్నులో సూది వేస్తే జీవితాంతం నడుము నొప్పి వస్తుందట కదా అని. సూది గుచ్చిన చోట కొన్నాళ్లు కమిలినట్టు నొప్పి ఉంది, వేడి కాపడంతో తగ్గింది. మంచం మీద ఎక్కువ పడుకున్నందుకు వచ్చే నడుము పట్టు వేరు, అది వ్యాయామంతో పోయింది. సిజేరియన్ తర్వాత వచ్చే నడుము నొప్పిని కూడా మనవాళ్లు ఆ సూది మీదికే నెట్టేస్తారు. బిడ్డని మోయడం, వంగి పాలివ్వడం, కాన్పుకి సాగిన కీళ్లు - వీటి గురించి ఎవరూ మాట్లాడరు. మేడమ్‌ని అడిగితే, సూది వల్ల ఏళ్ల తరబడి నడుము నొప్పి ఉంటుందని పరిశీలనల్లో తేలలేదన్నారు. నాకు 1990లో ఒకసారి, ఇప్పుడొకసారి వేశారు. ఈ రోజు పొద్దున మా వీధి చివర గుడి దాకా నడిచి వెళ్లి, మెట్లెక్కి, దిగి వచ్చాను. నడుము బాగానే ఉంది.